అమ్మ వెనక నడిచే యంత్రం

ప్రశ్న: మా అమ్మకు 73 ఏళ్లు, నాన్నకు 79. ఇద్దరూ తెనాలిలో సొంత ఇంట్లో ఉంటారు. నేను న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్నాను. మొన్న కార్తీకమాసంలో తెల్లవారుజామునే లేచి స్నానానికి వెళ్తూ అమ్మ బాత్రూం గడప దగ్గర పడిపోయింది. కుడిచేతి మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టుతో ఉంది. కట్టు విప్పాక కూడా ఒంటరిగా నాలుగడుగులు వేయడానికి భయపడుతోంది. బీపీకి రెండు రకాల మాత్రలు, రాత్రి నిద్రకు ఒకటి వేసుకుంటుంది. పనిమనిషి పగలు మాత్రమే ఉంటుంది. ఈ మధ్య ఒక వీడియోలో ముసలివాళ్ల వెనకే నడుస్తూ, వాళ్లు తూలితే గాలిసంచులతో ఒడిసిపట్టుకునే రోబోను చూశాను. ఎంత ఖర్చయినా ఫరవాలేదు, అమ్మకు అలాంటిది కొనాలని ఉంది. ఎక్కడ దొరుకుతుంది? అది దొరక్కపోతే వేరే ఏ రోబో కొనవచ్చు? అమ్మకు చెబితే "నా వెనకాల యంత్రాన్ని తిప్పుతావట్రా" అని కోప్పడింది.
— ఒక పాఠకుడు, న్యూజెర్సీ

సమాధానం: మీరు చూసిన వీడియో అమెరికాలోని ఎంఐటీ సాంకేతిక విద్యాసంస్థలో తయారైన ‘ఈ-బార్’ అనే యంత్రానిది అయి ఉంటుంది. ప్రొఫెసర్ హ్యారీ అసాదా ప్రయోగశాలలో రాబర్టో బొల్లి రూపొందించిన ఈ రోబో వివరాలను 2025 మే నెలలో అట్లాంటాలో జరిగిన అంతర్జాతీయ రోబోటిక్స్ సమావేశంలో వెల్లడించారు. మనిషి వెనకే నడుస్తూ, రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీలు అందించి, కూర్చున్నవారిని మెల్లగా లేపి, ఒకవేళ తూలితే తన చేతుల్లో అమర్చిన గాలిసంచులను ఒక్కసారిగా ఉబ్బించి పట్టుకోవడం దాని పని. నడుముకు పట్టీ గానీ ఒంటికి తాళ్లు గానీ కట్టకుండానే ఇంత చేయగలగడం నిజంగా మెచ్చుకోదగినదే. అయితే అది అమ్మకానికి పెట్టిన వస్తువు కాదు, ప్రయోగశాల నమూనా. దాన్ని మరో మనిషి రిమోట్‌తో నడిపించాలి. పైగా పడబోతున్న మనిషి బరువును ఆపే క్షణంలో తానే ఒరిగిపోకూడదు కనుక దాని అడుగుభాగాన్ని దాదాపు 100 కిలోల బరువుతో కట్టారు.

ఆ బరువును ఒక్కసారి తెనాలి ఇంట్లో ఊహించుకోండి. అమ్మగారు పడిన చోట గడప ఉంది. మన బాత్రూం తలుపుల వెడల్పు సాధారణంగా రెండున్నర అడుగులకు మించదు. లోపల నేల తూము వైపు వాలుగా, దాదాపు రోజంతా తడిగా ఉంటుంది, ఓ మూల బకెట్టు, మరో మూల స్టూలు ఉంటాయి. ఏ చోట పడే ప్రమాదం ఎక్కువో సరిగ్గా ఆ చోటికే ఈ యంత్రం రావడం కష్టం. రాగలిగినా, మన ఇళ్లలో పెద్దవాళ్లు రోజుకు ఎన్నిసార్లు నేల మీద చతికిలబడతారో, కత్తిపీట ముందు ఎంత చటుక్కున కూర్చుంటారో, దేవుడి ముందు ఎలా వంగుతారో దానికి తెలియాలి కదా. పడిపోవడాన్ని గుర్తుపట్టే యంత్రాల్లో చాలావాటికి చదువు చెప్పింది ప్రయోగశాలల్లో పరుపుల మీద కావాలని పడిన కుర్రవాళ్ల కదలికలే కాబట్టి, ముసలితనపు పడిపోవడానికీ కత్తిపీట ముందు కూర్చోవడానికీ తేడా తెలియడం వాటికి అంత సులభం కాదు.

జపాన్ ఈ దారిలో అందరికన్నా ముందు నడిచిన దేశం. అక్కడి రికెన్ పరిశోధన సంస్థ 2015లో ఎలుగుబంటి ముఖంతో, 140 కిలోల బరువుతో ‘రోబేర్’ అనే రోబోను చూపించింది. మంచం మీది మనిషిని రెండు చేతులతో ఎత్తి చక్రాల కుర్చీలోకి చేర్చే ఆ యంత్రం ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి గానీ, యంత్రం మాత్రం ఇళ్లలోకి రాలేదు. అందువల్ల ‘ఈ-బార్’ కోసం ఎదురుచూడమని మీకు నేను చెప్పలేను. అమ్మగారి వయసులో ఎదురుచూడటానికి కూడా ఒక ఖరీదు ఉంటుంది. ఒకసారి పడినవారు మళ్లీ పడే అవకాశం రెట్టింపవుతుందని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, అంటే సీడీసీ, చెబుతోంది.

ఏ యంత్రం కొనాలో తేల్చుకునే ముందు, మనుషులు అసలు ఎలా పడతారో చూడాలి. ఈ విషయంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే పరిశీలన కెనడాలో జరిగింది. బ్రిటిష్ కొలంబియాలోని రెండు వృద్ధాశ్రమాల్లో అందరూ తిరిగే చోట్ల కెమెరాలు పెట్టి, 2007 నుంచి 2010 వరకు మనుషులు నిజంగా పడిపోయిన 227 సంఘటనలను స్టీఫెన్ రాబినోవిచ్ బృందం ఒక్కొక్కటిగా చూసింది. వాటిలో 41 శాతం శరీరం బరువును సరిగా మార్చుకోలేకపోవడం వల్ల జరిగాయి. కాలికి ఏదో తగిలో, అడుగు తడబడో పడినవి 21 శాతం. జారిపడినవి 3 శాతమే. వంటింట్లో పొయ్యి దగ్గర నుంచి గిన్నెతో గట్టు వైపు తిరగడం, ఎవరో పిలిస్తే నడుస్తూ నడుస్తూ వెనక్కి చూడటం, కుర్చీ అంచు ఇంకా తగలకముందే కూర్చోబోవడం వంటి మామూలు పనుల్లోనే బరువు ఒక కాలి మీద నుంచి మరో కాలికి మారే ఆ అరక్షణంలో పట్టు తప్పుతుంది. అవి పొడి నేలలు, బాత్రూంలలో కెమెరాలు లేవు కనుక, జారడం 3 శాతమే అన్న అంకెను మన తడి బాత్రూంలకు వర్తింపజేయను. మిగతాది మాత్రం మనకూ వర్తిస్తుంది.

తూలినప్పుడు మనల్ని కాపాడేది చటుక్కున పక్కకో ముందుకో పడే ఒక అడుగు. వయసులో ఉన్నవాళ్లం ఆ అడుగును రోజూ వేస్తూనే ఉంటాం, వేశామని కూడా గుర్తుండదు. తొడల్లో, చీలమండల్లో బలం తగ్గి, ఆ అడుగు ఆలస్యమైనా, పొట్టిగా పడినా మనిషి నేలకు చేరతాడు, అదీ ఒక సెకను కన్నా తక్కువ వ్యవధిలో. ఆ అడుగును మళ్లీ నేర్పవచ్చా అని షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో క్లైవ్ పాయ్ బృందం పరీక్షించింది. 65 ఏళ్లు దాటినవారికి పై నుంచి భద్రత కోసం పట్టీలు తగిలించి, నడిచే దారిలో కాలి కింది పలకను హఠాత్తుగా జారేలా చేసి, ఒక్క విడతలో 24 సార్లు జారించారు. ఆ ఒక్క విడత తర్వాతి ఏడాది కాలంలో వారు నిత్యజీవితంలో పడే ప్రమాదం సగానికి తగ్గిందని 2014లో ప్రకటించారు. శరీరం నేర్చుకున్నదాన్ని అంత త్వరగా మరిచిపోదన్నమాట.

రోబోల వల్ల వృద్ధులకు ఈ రోజు నిజంగా జరుగుతున్న మేలు నాకు ఇక్కడే కనిపిస్తుంది. కాపలా కాసే రోబో ఇంకా నమూనాగానే ఉంది గానీ, తర్ఫీదు ఇచ్చే రోబో పనిలోకి వచ్చి చాలా కాలమైంది. ఇటలీలోని జెనోవాలో తయారైన ‘హునోవా’ అలాంటిదే. కదిలే పలక మీద మనిషిని నిలబెట్టి, కూర్చోబెట్టి, పలకను అటూ ఇటూ వంచుతూ శరీరం ఎటు, ఎంత తూలుతోందో కొలిచి, దానికి తగిన సాధన చేయిస్తుంది. మన దేశంలో కేరళకు చెందిన జెన్‌రోబోటిక్స్ సంస్థ తయారుచేసిన ‘జీ-గైటర్’ పక్షవాతం, వెన్నుపాము దెబ్బ వంటి కారణాల వల్ల నడక పోయినవారికి మళ్లీ అడుగులు వేయించడానికి ఉపయోగపడుతుంది. మీ అమ్మగారికి నడక ఉంది కనుక జీ-గైటర్ అవసరం లేదు. గుంటూరు, విజయవాడ, హైదరాబాద్‌లలో పెద్ద ఫిజియోథెరపీ విభాగం ఉన్న ఏ ఆసుపత్రినైనా సంప్రదించి, "వయసు మళ్లినవారికి తూలు ఆపుకునే సాధన చేయించే పరికరం ఉందా" అని అడగండి. ఉంటే నాలుగైదు వారాల ఆ సాధనకు పెట్టే డబ్బు, మీరు మనసులో అనుకున్న రోబో ఖర్చుతో పోలిస్తే ఏమాత్రం కాదు.

ఆ పరికరం లేకపోయినా నష్టం లేదు. సమతుల్యం, రోజువారీ కదలికల మీద దృష్టి పెట్టే వ్యాయామం వల్ల పడిపోవడాలు దాదాపు నాలుగోవంతు తగ్గుతాయని 2019లో వైద్య పరిశోధనలను సమీక్షించే కొక్రేన్ సంస్థ 108 పరీక్షలను కలిపి చూసి తేల్చింది. న్యూజిలాండ్‌లో రూపొందిన ఒటాగో పద్ధతిలో ఫిజియోథెరపిస్టు ఇంటికి వచ్చి నేర్పి వెళ్తారు, రోగి వారానికి మూడు రోజులు సొంతంగా చేస్తారు, దానితో పాటు నడక ఉంటుంది. కుర్చీలో నుంచి చేతులు ఆనించకుండా లేవడం, గట్టు పట్టుకుని మడమలెత్తి నిలబడటం, ఒక పాదం వేళ్లకు మరో పాదం మడమను ఆనించి గోడ వెంట నడవడం వంటివి అందులో ఉంటాయి. వంటగట్టు, చీలమండలకు కట్టుకునే చిన్న బరువులు తప్ప వేరే సామాను అక్కర్లేదు. మణికట్టు ఇప్పుడిప్పుడే కోలుకుంటోంది కాబట్టి మొదటి రోజుల్లో ఫిజియోథెరపిస్టు పక్కన ఉండి తీరాలి.

మీ ఉత్తరంలో రోబో కన్నా నన్ను ఎక్కువ ఆపింది ఆ మూడు మాత్రల వాక్యం. తెల్లవారుజామున, రాత్రి వేసుకున్న నిద్రమాత్ర మత్తు ఇంకా పూర్తిగా దిగకముందే, పడుకున్న మనిషి ఒక్కసారిగా లేచి నిలబడితే రక్తం కాళ్లలోకి దిగుతుంది. బీపీ మాత్రలు వేసుకునేవారిలో రక్తపోటు ఆ క్షణాన చాలినంత త్వరగా సర్దుకోకపోవచ్చు. పది నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడిన మూడు నిమిషాల లోపల మరోసారి బీపీ చూస్తే విషయం తెలిసిపోతుంది. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే ఆ కాగితం పట్టుకుని వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. నిద్రమాత్ర సంగతి ఇంకా ముఖ్యం. న్యూజిలాండ్‌లో జరిపి 1999లో ప్రచురించిన ఒక పరీక్షలో నిద్ర, మనసుకు సంబంధించిన మాత్రలను క్రమంగా మాన్పించిన వారిలో పడిపోవడాలు 66 శాతం తగ్గాయి. నాకు తెలిసి ఏ రోబో ఈ అంకెకు దరిదాపుల్లోకి రాలేదు. అయితే ఆ మాత్రను అమ్మగారు రేపటి నుంచే మానేయకూడదు. హఠాత్తుగా ఆపితే నిద్ర మరీ చెడటమే కాక వేరే ఇబ్బందులు కూడా రావచ్చు. రాసిచ్చిన వైద్యుడే వారాల తరబడి మోతాదు తగ్గిస్తూ రావాలి.

నిలబడిన ఎత్తు నుంచి పడితేనే మణికట్టు విరిగిందంటే ఎముక గుల్లబారి ఉండవచ్చు. కట్టు వేసి విప్పడంతో చాలాచోట్ల ఆ కథ ముగిసిపోతుంది. ముగియకూడదు. అమ్మగారికి ఎముకల సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ చేయించి, ఎముకలకు మందు అవసరమా అని అడగండి. ఈసారి మణికట్టు, మరోసారి తుంటి కావచ్చు. తుంటి ఎముక విరగడాల్లో 95 శాతానికి పైగా పడటం వల్లనే, అదీ ఎక్కువగా పక్కకు పడటం వల్ల జరుగుతాయి. కంటి పరీక్ష కూడా చేయించండి. శుక్లం ఉంటే ఆలస్యం చేయకుండా మొదటి కంటికి శస్త్రచికిత్స చేయించుకున్న మహిళల్లో పడిపోవడాలు మూడోవంతు తగ్గాయని బ్రిటన్‌లో 2005లో తేలింది.

ఇక ఇల్లు. కమోడ్ పక్కన, స్నానం చేసే చోట గోడకు స్టీలు కమ్మీలు బిగించండి. అవి గోడలోకి గట్టిగా దిగాలి. తువ్వాలు ఆరేసుకునే కడ్డీని ఆధారంగా పట్టుకుంటే అది ఊడివచ్చి పడ్డవారిని నేను చూశాను. తలంటు రోజున నూనె, కుంకుడురసం కలిసి నేల ఎంత ప్రమాదకరంగా మారుతుందో అమ్మగారికి వేరే చెప్పనక్కర్లేదు. ఆ రోజు కుర్చీ మీద కూర్చునే పోసుకోవాలి. గడపను తీసేయడం శాస్త్రానికి ఒప్పకపోతే, లేదా నీళ్లు హాల్లోకి వస్తాయనుకుంటే, దాని అంచుకు ముదురు రంగు పూయించి, పక్కన నిలువు కమ్మీ పెట్టించండి. గుమ్మం ముందు ముడుచుకుపోయే గుడ్డపట్టాలు తీసేయించండి. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా వెలిగే చిన్న దీపాలు ఉండాలి. అవి ఇన్వర్టరు లైనులో ఉండాలి, కరెంటు పోయే వేళకే మనకు బాత్రూం అవసరం పడుతుంది.

"వేరే ఏ రోబో కొనవచ్చు" అన్న మీ ప్రశ్నకు వస్తాను. జపాన్‌లో ఒసాకాకు చెందిన ఆర్‌టీ వర్క్స్ సంస్థ మోటారు ఉన్న నడక బండ్లను అమ్మకానికి తెచ్చింది. పిడిని పట్టుకున్న చేతి ఒత్తిడిని బట్టి ఎత్తు ఎక్కేటప్పుడు ముందుకు సాయపడుతుంది, వాలులో తానే బ్రేకు వేసుకుంటుంది. మంచి ఆలోచన, నున్నని కాలిబాటలున్న ఊళ్లలో బాగా పనికొస్తుంది. మీ వీధిలో కాలువ మీద వేసిన బండల మీద, ఇంట్లో గడపల మీద మాత్రం దానికి పనిలేదు. అమ్మగారికి ఊతం కావాలంటే ఫిజియోథెరపిస్టు ఎత్తు కొలిచి ఇచ్చిన చేతికర్ర చాలు, అదీ విరిగింది కుడి మణికట్టు కనుక ఎడమచేతితో. తూలగానే విచ్చుకుని తుంటి చుట్టూ గాలిసంచి ఏర్పరిచే నడుంపట్టీలు కూడా ఉన్నాయి, ఫ్రాన్స్‌లో తయారైన ‘హిప్‌ఎయిర్’ ఆ కోవలోదే. అవి పడటాన్ని ఆపవు, ఎముకను కాపాడటానికి ప్రయత్నిస్తాయి. మన ఎండల్లో, చీర మీద, రోజంతా పట్టీ కట్టుకుని ఉండమంటే అమ్మగారు ఉంటారా అన్నది మీకే తెలియాలి. నేల తుడిచే గుండ్రటి రోబోను బహుమతిగా పంపే ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి. కాళ్ల మధ్యకు చప్పుడు లేకుండా వచ్చే వస్తువును పడిపోతానని భయపడుతున్న మనిషి ఇంట్లో వదలకూడదు.

కొనదగినదేమిటంటే చేతి గడియారం. 2018లో వచ్చిన యాపిల్ వాచ్ సిరీస్ 4 నుంచి, ఆ తర్వాత మరికొన్ని గడియారాల్లోనూ, గట్టిగా పడిన మనిషి కదలకుండా ఉంటే అత్యవసర సేవలకు తానే ఫోను చేసి, మనం ఎంచుకున్నవారికి కబురు పెట్టే ఏర్పాటు ఉంది. ఇది పడటాన్ని నివారించదు. పడ్డాక గంటల తరబడి నేల మీదే ఉండిపోయే పరిస్థితిని తప్పిస్తుంది. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లలో విరిగిన ఎముకకు తోడు ఆ గంటలు చేసే హాని కూడా ఎక్కువే. ఆ కబురు మీ ఫోనుకే కాకుండా పక్కింటివారి ఫోనుకు కూడా వెళ్లేలా అమర్చండి, న్యూజెర్సీ నుంచి తెనాలి బాత్రూం తలుపు మీరు తీయలేరు. ఆ తలుపు లోపలికి తెరుచుకునేదైతే, పడిన మనిషి దానికే అడ్డంగా ఉంటే బయటివాళ్లు తోయలేరు. వడ్రంగిని పిలిపించి బయటికి తెరుచుకునేలా మార్పించండి, లోపలి గడియను బయటి నుంచి కూడా తీయగలిగేదిగా పెట్టించండి. నాన్నగారు 108 నంబరు ఎలా చేయాలో ఒకసారి చేతితో నొక్కి చూడనివ్వండి. వృద్ధుల సహాయానికి 14567 అనే జాతీయ నంబరు కూడా ఉంది.

అమ్మగారి కోపం గురించి ఒక మాట. "నా వెనకాల యంత్రాన్ని తిప్పుతావట్రా" అన్న మాటలో మొండితనం కన్నా భయం ఎక్కువ ఉందనిపిస్తోంది. వెనక ఎవరో, ఏదో కాపలా ఉంటేనే నడవగలనన్న నమ్మకం ఒకసారి కుదిరితే, కాపలా లేనప్పుడు ఆమె అసలు లేవరు. లేవకపోతే కాళ్లు ఇంకా బలహీనపడతాయి, తర్వాత నిజంగానే పడతారు. అందుకే ఏ పరికరాన్నైనా నేను ఒకే ప్రశ్నతో తూస్తాను: ఇది వచ్చాక మనిషి రోజుకు మరిన్ని అడుగులు వేస్తారా, తక్కువ వేస్తారా? గదుల్లో కెమెరాలు పెట్టాలనుకుంటే ముందు ఆమె అనుమతి తీసుకోండి, బాత్రూంలో ఎవరు ఒప్పుకున్నా వద్దు.

ఈ ఆదివారం వీడియో కాల్‌లో ఒక పని చేయించండి. చేతులున్న కుర్చీ ఒకటి వేసి, దాని ముందు 3 మీటర్ల దూరంలో నేల మీద సుద్దముక్కతో గీత గీయించండి. పక్కింటి అమ్మాయినో పనిమనిషినో అమ్మగారి పక్కనే నడవమనండి. ఆమె కుర్చీలో నుంచి లేచి, మామూలు నడకతో గీత దాకా వెళ్లి, తిరిగి వచ్చి కూర్చునే వరకు మీ ఫోనులో సెకన్లు లెక్కపెట్టండి. 12 లేదా అంతకన్నా ఎక్కువైతే పడే ప్రమాదం ఉన్నట్టు లెక్క. నాన్నగారికి కూడా చేయించండి, 79 ఏళ్ల మనిషి గురించి మీ ఉత్తరంలో వయసు తప్ప ఒక్క ముక్క లేదు. ఆ రెండు అంకెలు, ఇద్దరూ వేసుకుంటున్న మాత్రల పేర్లు, బాత్రూం ఫొటో ఒకటి నాకు పంపండి. కమ్మీలు ఏ ఎత్తులో, ఎక్కడెక్కడ బిగించాలో ఆ ఫొటో మీదే గీసి పంపుతాను.